సర్దిన దారం

కరెంటు పోతే ఇళ్ళలో చీకటి పడుతుంది. ఆ ప్రయోగశాలలో మాత్రం నిశ్శబ్దం పడుతుంది. పాత ఫ్రిజ్‌లూ, పాత ఫ్యాన్లూ, గోడ అవతల ముసలి మనిషిలా రొప్పే కంప్రెసరూ అన్నీ ఒక్కసారిగా ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోతాయి. ఆ రోజు భోజనాల వేళకు కాస్త ముందు అలాగే ఆగిపోయాయి. వెంటనే జనరేటరు అందుకోవాలి. అందుకోలేదు. కమిటీ వస్తోందని రంగు వెయ్యడానికి దాని మూతలన్నీ విప్పి పెట్టారు.

నడవాలో కొత్త సున్నం ఎలా పట్టిందో చూస్తున్న డిప్యూటీ డైరెక్టరు గబగబా కల్చర్ గది వైపు నడిచాడు. ఆ గదికి కిటికీలు లేవు. కరెంటు పోయిన మరుక్షణం లోపల పనిచేసేవాళ్ళు గొట్టాలకు మూతలు బిగించి బయటికి వచ్చెయ్యాలన్నది నియమం. ఆయన చేరేసరికి మరదలు అప్పటికే బయటికి వచ్చి, చేతి తొడుగులు ఒలుచుకుంటూ దగ్గుతోంది.

లోపల ఇంకెవరూ లేరు కదా అని అడిగాడు.

"ఉంటే దయ్యాలుండాలి. వాటికి మాస్కులు కొననక్కర్లేదు, మీ బడ్జెట్‌కి ఢోకా లేదు లెండి," అంటూ ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. వెళ్తూ మళ్ళీ దగ్గింది.

మరదలంటే చనిపోయిన భార్యకు చెల్లెలు. ఆయనకంటే ముందు నుంచీ ఆ ప్రయోగశాలలో పనిచేస్తోంది. కొత్తగా చేరిన ఆయన్ని ఒక నెల పాటు గమనించి, "మా అక్కకి సరిపోతారు" అని ఇంట్లో చెప్పి, సంబంధం కుదిర్చింది కూడా ఆమే. ఆఫీసులో "సార్" అనాలని నోరు అలవాటు చేసుకుంది గాని, కోపమొస్తే "బావగారూ" అనే వస్తుంది.

ఆయన జాగ్రత్త మనిషి. ఒకరి మాట నమ్మక కాదు, తన కళ్ళతో ఒకసారి చూసుకుంటే గాని అన్నం సయించదు. ఫోను దీపం వెలిగించి, తలుపుకున్న అద్దంలోంచి లోపలికి వేశాడు. బల్లలు, గొట్టాల బుట్టలు, గోడవారగా పెద్ద స్టీలు పెట్టె. దాని ముందు అంచుకు కట్టిన ఎర్ర ఉన్ని దారం చక్కగా లోపలికి వంగి ఉంది.

బాగానే ఉంది అనుకుని వెనుదిరిగాడు. రెండడుగులు వేశాక కాళ్ళు ఆగిపోయాయి.

కరెంటు లేదు. పెట్టెలో ఫ్యాను తిరగడం లేదు. మరి దారాన్ని లోపలికి వంచుతున్నదెవరు?

ఆ దారం సంగతి తెలియాలంటే ఆ గదిలో జరిగే పని తెలియాలి. ఊళ్ళలోని ఆసుపత్రుల నుంచి క్షయ రోగుల కఫం డబ్బాల్లో వస్తుంది. అందులోని క్రిముల్ని గొట్టాల్లో పెంచి, ఏ మందుకు లొంగుతాయో ఏ మందుకు లొంగవో తేల్చి చెప్పడం ఆ గది పని. ఆ పని ఆరుబయట చేస్తే చేసినవాళ్ళు బతకరు. అందుకే స్టీలు పెట్టె. ముందు అద్దం, అద్దం కింద చేతులు పట్టేంత సందు. ఆ సందులోంచి గాలి ఎప్పుడూ లోపలికే పోవాలి, బయటికి రాకూడదు. అందుకే ఫ్యానును రాత్రిళ్ళు కూడా ఆపరు. పెట్టె కొత్తగా ఉన్నప్పుడు గాలి తగ్గితే గంట మోగేది. గంట ఎప్పుడో చచ్చింది. బాగు చేసే కంపెనీ అంతకన్నా ముందే చచ్చింది. అప్పటి నుంచి సందు అంచున ఒక ఉన్ని దారం కట్టారు. దారం లోపలికి వంగితే గాలి లోపలికి పోతున్నట్టు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు నాడి. ఆ గదిలో పొద్దున్నే ఒకరినొకరు పలకరించుకునేది "బాగున్నారా" అని కాదు, "నాడి ఆడుతోందా" అని.

ఆయన మంచి మాస్కు తెచ్చి బిగించుకుని, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. ఆ దారాన్ని ఎవరూ చేత్తో ముట్టుకోరు, క్రిముల భయం. ఆయన తొడుగు వేసుకున్న వేలితో ముట్టుకున్నాడు. చీపురుపుల్లలా గట్టిగా తగిలింది. వేలు తీసినా వంపు పోలేదు.



* * *

అవి కమిటీ రోజులు. పాతబడిన ప్రభుత్వ ప్రయోగశాలల్ని బాగుచెయ్యడానికి ప్రభుత్వం ఒక నిధి ప్రకటించింది. అడిగేవి చాలా, ఇచ్చేది కొన్నిటికే. కిందటేడు ఒక బృందం వచ్చి తొలి వడపోత చేసి వెళ్ళింది. వీళ్ళ ప్రయోగశాల అందులో నెగ్గింది. ఇక అసలు కమిటీ ఎల్లుండి వస్తుంది. ఎంపిక కానివాటిని "విలీనం" చేస్తారట. విలీనమంటే తాళమని గేటు దగ్గర కాపలావాడికి కూడా తెలుసు.

"ఇదేదో సంబంధం చూసుకోవడానికి వస్తున్నట్టుంది బావగారూ," అని మరదలు నవ్వింది మొన్న. "మరీ రోగిష్టిగా కనబడితే వద్దంటారు. మరీ పుష్టిగా కనబడితే నీకేం తక్కువంటారు. మధ్యస్థంగా దగ్గాలి మనం."

అలా అంటూ దగ్గింది. అప్పుడు ఆయన కూడా నవ్వాడు.

కరెంటు వచ్చేలోగా ఆయన సర్దుబాటును పిలిపించాడు. అతను ప్రయోగశాల మెకానిక్కు. తెగిన తీగకు పిన్నీసు, పగిలిన గొట్టానికి టేపు, ఊగే మోటారు కింద మడత పెట్టిన అట్టముక్క. ఏదీ ఆగిపోనివ్వడు. అందుకే ఆ పేరు పడింది. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. వయసులో అందరికంటే పెద్ద కాబట్టి ముఖం మీద మాత్రం బాబాయ్ అంటారు.

"బాబాయ్, ఆ నాడికి ఏం చేశారు?"

సర్దుబాటు చేతిలో రంగు బ్రష్షు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు. "వార్నిషండీ. రెండు చుక్కలు."

"ఎందుకు?"

"మీరే కదండీ సర్దమన్నారు."

ఆయనకు అంతా గుర్తొచ్చింది. కిందటేడు తొలి బృందం వచ్చే రోజు పొద్దున, చంకలో ఫైళ్ళతో పరుగులాంటి నడకతో వెళ్తూ, అద్దంలోంచి దారం సగం వాలిపోయి ఉండటం చూశాడు. ఎదురైన ఇతనితో, "బాబాయ్, వాళ్ళొచ్చేలోగా ఆ దారం సంగతి కాస్త సర్దండి" అన్నాడు. అని సాగిపోయాడు. ఫ్యాను చూడమని, పెట్టె పైన క్రిముల్ని పట్టే వడపోత జల్లెడ శుభ్రం చెయ్యమని తన ఉద్దేశం. అనే అనుకున్నాడు.

ఉద్దేశం అదేనా?

సర్దడం అనేది మంచి మాట. పక్క సర్దుతారు, తగవు సర్దుతారు, చాలనప్పుడు సర్దుకుంటారు. అయితే ఏ సర్దడంలోనూ కొత్త వస్తువు రాదు. జల్లెడ మార్చడానికి డబ్బు లేదని ఆ రోజు ఆయనకు తెలుసు. తెలిసే ఆ మాట వాడాడు. ఎదుటివాడు ఎలా అర్థం చేసుకుంటే అలా చేసుకోనీ అని ఆ మాటను మధ్యలో వదిలేసి పోయాడేమో. ప్రమాణం చెయ్యమంటే ఇప్పుడు చెయ్యలేడు.

"వాళ్ళు వెళ్ళాక తీసేద్దామనే అనుకున్నానండీ," అన్నాడు సర్దుబాటు. గొంతు బాగా తగ్గిపోయింది. "మర్నాడు మీ మరదలుగారు వచ్చి, ఇవాళ నాడి ఎంత బాగుందో చూడు బాబాయ్ అన్నారు. ఎంతో సంతోషంగా అన్నారండీ. నాకు నోరు రాలేదు. ఆ తరువాత రోజుకో పని."

కరెంటు వచ్చింది. పెట్టెలో ఫ్యాను గుర్రుమంది. ఇద్దరూ మాస్కులు పెట్టుకుని లోపలికి వెళ్ళాక డిప్యూటీ ఒక పల్చటి టిష్యూ కాగితం ముక్కను పట్టకారుతో సందు దగ్గర పట్టుకున్నాడు. ఇద్దరూ ఊపిరి ఆపి చూశారు.

కాగితం ఒక క్షణం కదలలేదు. తరువాత చాలా మెల్లగా, వినయంగా, పెట్టెలోంచి బయటికి, ఆయన ముఖం వైపు వంగింది.

పైనున్న జల్లెడ దుమ్ముతో పూడుకుపోయింది. ఫ్యాను తోసిన గాలికి పైకి పోయే దారి లేదు. ఉన్న ఒక్క సందులోంచి, అక్కడ కూర్చున్న మనిషి ముక్కు మీదికి వస్తోంది. ఎన్నాళ్ళ నుంచో ఎవరికీ తెలియదు. చెప్పవలసిన దారం నోరు వీళ్ళే కుట్టేశారు.

* * *

డైరెక్టరు చెడ్డవాడేం కాదు. విన్న వెంటనే లేచి తలుపు వేసి, కుర్చీలో కూర్చోలేక కిటికీ దగ్గర నిలబడ్డాడు. గదిని ఈ క్షణమే మూసెయ్యమన్నాడు. లోపల ఎవరూ పనిచెయ్యకూడదన్నాడు. అంతవరకు ఇద్దరిదీ ఒకే మాట. కాని బయటికి మాత్రం శుభ్రత కోసం మూశామని చెప్పమన్నాడు. ఇలాంటి ప్రమాదం బయటపడితే నియమం ప్రకారం ప్రయోగశాల మొత్తం ఆపాలి. ఆపిన ప్రయోగశాలకు నిధి ఎవడిస్తాడు? కమిటీ వెళ్ళేదాకా ఓపిక పట్టమన్నాడు. డబ్బొస్తే ఆ పెట్టెనే ముందు మారుద్దామన్నాడు. ఇక్కడ పనిచేసే వాళ్ళందరి ఇళ్ళలో పొయ్యి వెలగాలి కదా అన్నాడు.

"ఈ రెండు రోజులూ ఎలాగో సర్దెయ్యవయ్యా," అన్నాడు చివరికి.

ఆ మాట విని కూడా డిప్యూటీ సరేనని తలూపి బయటికి వచ్చాడు. తలూపినందుకు నడవా పొడుగునా తనను తానే తిట్టుకున్నాడు.

గాజు సామాను కడిగే గది వెనక మెట్ల మీద మరదలు భోజనం డబ్బా విప్పుకుని కూర్చుంది. భార్య మంచాన పడిన చివరి నెలల్లో ఈమె రోజూ పని ముగించుకుని తిన్నగా వాళ్ళింటికి వచ్చేది. అక్క తల దువ్వేది, గొడవ పెట్టుకునేది, నవ్వించేది, బస్సు అందుకోవడానికి పరిగెత్తేది. ఒక్క రోజు కూడా "అయ్యో" అనలేదు. ఆ అనకపోవడమే ఆ ఇంటిని నిలబెట్టిందని ఆయన ఇప్పటికీ అనుకుంటాడు. ఇప్పుడు ఆ మెట్ల మీద ఆమె పక్కన కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, దగ్గు ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు.

"మీ సున్నాలు మొదలైనప్పటి నుంచి. మీరంతా గోడలకు పూస్తున్నారు, నేను గొంతులో పూసుకుంటున్నాను."

"రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా?"

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. అది ఇంటి మనిషి అడిగే ప్రశ్న కాదు. ఆసుపత్రుల నుంచి వచ్చే ప్రతి డబ్బాతో పాటు, రోగి వివరాల కాగితం మీద, ఆ ప్రశ్న కూడా వస్తుంది. ఎన్నో ఏళ్ళుగా ఆమె చదువుతున్న ప్రశ్న. ముద్దను డబ్బాలో పెట్టి మూత వేసింది.

"నాడికేమైంది బావగారూ?"

ఆయన చెప్పాడు. ఏదీ దాచలేదు. వార్నిషు, కాగితం, డైరెక్టరు మాట, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె డబ్బా మూత మీద వేలితో గీతలు గీస్తూనే ఉంది. పైన ఎక్కడో నిచ్చెన జరిపిన చప్పుడు. ఎవరో రంగు వేస్తూ ఈల వేస్తున్నారు.

"ఆ రోజు బాబాయ్‌తో బాగుచెయ్యమన్నారా, సర్దమన్నారా?"

"సర్దమన్నాను."

ఆమె తల ఊపింది. కోపం లేదు, అది ఉంటే బాగుండును. "మా ఇంట్లో పసివాడున్నాడు," అంది.

కూతురూ, నెలల మనవడూ ఆ ఇంట్లోనే ఉంటారు. వాడు ఆమె గుండెల మీద తప్ప పడుకోడు. ఆ సంగతి ప్రయోగశాల అంతటికీ తెలుసు. వాడి ఫోటో కల్చర్ గది తలుపు మీద, బయటివైపు, టేపుతో అంటించి ఉంటుంది.

* * *

ఆ మధ్యాహ్నమే ఊపిరితిత్తుల ఆసుపత్రికి వెళ్ళారు. ఆటోలో ఆమె మాస్కు పెట్టుకుని, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ గదిలో మంచి మాస్కులు వచ్చినప్పుడు మంచివి, రానప్పుడు గుడ్డవి పెట్టుకున్నారు. ఏ రోజు ఏది పెట్టుకుందో ఆమె లెక్క వేసుకుంటోందని ఆయనకు తెలుసు. తనూ అదే వేస్తున్నాడు.

ఎక్స్‌రే తీసే అతను ఛాతీ ఆనించే పలక మీద తన చొక్కా చేతితో రెండుసార్లు రుద్ది, "చల్లగా ఉంటుందమ్మా, ఒక్క క్షణం ఆగండి" అన్నాడు. ఎవరూ చెప్పని పని అది. బయట బల్ల మీద కూర్చుని తలుపు సందులోంచి అది చూసిన డిప్యూటీకి ఎందుకో కళ్ళు చెమర్చాయి.

డాక్టరు చిన్నవాడే. ఎక్స్‌రేను వెలుగు మీద పెట్టి, ఎడమ ఊపిరితిత్తి పైభాగాన వేలు ఆపాడు. అక్కడ చిన్న మసక ఉంది. పాత మచ్చ కావచ్చు, కొత్తది కావచ్చు అన్నాడు. కఫంలో క్రిములు పైకి కనబడలేదన్నాడు. కనబడకపోతే లేవని కాదన్నాడు. కల్చర్ చెయ్యాలి, తేలడానికి ఆరు వారాలైనా పడుతుంది. ఈలోగా పసిపిల్లలకు దూరంగా ఉండాలి. ఇంట్లో వాళ్ళందర్నీ చూపించాలి. అన్నీ చెప్పి, కాగితం మీద ప్రయోగశాల పేరు రాయబోతూ తలెత్తాడు.

"కల్చర్ అంటే మీ దగ్గరికే కదా పంపాలి?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ రోజంతటిలో మొదటిసారి మరదలు నవ్వింది. నవ్వు దగ్గులోకి జారింది. దగ్గు ఆగేదాకా డాక్టరు నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే ఆమె మేడ మీది గదిలోకి మారింది. కూతురు కింది నుంచి పళ్ళెం అందించి వెళ్తోంది. పసివాడు రాత్రంతా ఏడ్చాడట. మర్నాడు ఆమె ఫోనులో చెప్పింది అంతే. డిప్యూటీ ఆ రోజంతా గదుల్లో తిరిగాడు. ఎవరు దగ్గినా ఉలిక్కిపడ్డాడు. సున్నం వేసేవాడు దగ్గినా, గేటు దగ్గర కాపలావాడు గొంతు సవరించుకున్నా. అద్దంలో నాలిక చాపి చూసుకున్నాడు. తన బరువు తగ్గిందా అని నడుము బెల్టు చూసుకున్నాడు. భయమనేది బయటి నుంచి రాదు, ఒక్కసారి పుట్టాక మనిషి వేసుకున్న బట్టలోంచే వస్తుంది.

సర్దుబాటు ఆయన్ని చూసినప్పుడల్లా తల దించుకుని నిచ్చెన ఎక్కేస్తున్నాడు. దారం తియ్యమంటారా అని ఒకసారి వచ్చి అడిగాడు. డైరెక్టరుగారేమో ఉండనిమ్మన్నారట, కమిటీ అద్దంలోంచి చూస్తుందట, బోసిగా ఉంటే అడుగుతారట.

* * *

కమిటీలో పెద్ద ఒక వృద్ధురాలు. చేతికర్ర, గట్టి కళ్ళద్దాలు, చాలాకాలం ఇలాంటి గదుల్లోనే పనిచేసి విరమించిన మనిషి. అడుగడుక్కీ ఆగి, గోడ మీది రంగును కాదు, గోడ కింద చెమ్మను చూసింది. ఫ్రిజ్ తలుపు రబ్బరును వేలితో నొక్కి చూసింది. డైరెక్టరు పక్కనే నడుస్తూ, ఏది ఎంత పాతదో, అయినా ఎంత బాగా చూసుకుంటున్నామో చెబుతున్నాడు. మధ్యస్థంగా దగ్గడమంటే ఇదే, అనుకున్నాడు వెనక నడుస్తున్న డిప్యూటీ.

కల్చర్ గది దగ్గరికి వచ్చారు. శుభ్రత జరుగుతోందని డైరెక్టరు చెప్పాడు. ఆమె అద్దానికి ముఖం ఆనించి లోపలికి చూసింది. దీపాలు వెలుగుతున్నాయి, ఫ్యాను గుర్రుమంటోంది, ఎర్ర దారం లోపలికి వంగి ఉంది.

ఆమె ముఖం విప్పారింది. "మా రోజుల్లో మేమూ దారమే కట్టేవాళ్ళం. నాకు తెల్లది, మా స్నేహితురాలికి నీలం. ఇంకా కడుతున్నారా?"

"నాడి అంటామండీ దాన్ని. పాత పెట్టే గాని, నాడి బాగా ఆడుతోంది," అన్నాడు డైరెక్టరు.

ఆమె వెంట వచ్చినవాళ్ళు చిన్నగా నవ్వారు. పని నెగ్గుతోందని ఆ నడవాలో నిలబడ్డ ప్రతివాళ్ళకూ తెలిసిపోయింది. స్టోరు గుమాస్తా కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు. ఇప్పుడు మాట్లాడకుండా ఉంటే చాలు. డబ్బు వస్తుంది. ఎప్పటికో కొత్త పెట్టె వస్తుంది. మరదలి ఊపిరితిత్తిలో మసక ఇంటి దగ్గర అంటుకున్న జబ్బు అవుతుంది. ఆ గదిలోకి వెళ్ళి వచ్చిన మిగతా వాళ్ళెవరూ ఎక్స్‌రే తీయించుకోరు, వాళ్ళకు చెప్పేవాళ్ళుండరు కాబట్టి. వాళ్ళ ఇళ్ళల్లోనూ పసివాళ్ళుంటారు.

డిప్యూటీ తలుపు పక్కకు జరిగాడు. ఉద్యోగం పోతుంది, ఫించను ఆగుతుంది, ఈ నడవాలో నిలబడ్డ వాళ్ళు జన్మలో క్షమించరు. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వాటి వెనక, మెట్ల మీద మూత వేసిన అన్నం డబ్బా వచ్చింది.

తలుపు పక్కనే గది మెయిన్ స్విచ్చు. చెయ్యి ఎత్తి కిందికి లాగాడు.

ఫ్యాను మూలిగి ఆగిపోయింది. లోపల చీకటి. ఆయన ఫోను దీపం వెలిగించి అద్దంలోంచి వేశాడు.

"చూడండమ్మా," అన్నాడు.

ఆమె చూసింది. మొదట అర్థం కాలేదు. తరువాత కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. గాలి లేని గదిలో దారం లోపలికే వంగి ఉంది.

"సర్దమన్నది నేను," అన్నాడు. "ఎవరూ తనంత తానుగా చెయ్యలేదు. అసలు గాలి బయటికి వస్తోంది. మొన్న పరీక్షించాం."

డైరెక్టరు గోడకు చెయ్యి ఆనించాడు. తడి సున్నం అరచేతికి అంటింది.

"ఈ పెట్టె ముందు ఎవరు కూర్చునేవాళ్ళు?" అని అడిగింది వృద్ధురాలు.

"మా మరదలు."

ఆఫీసులో ఆయన ఏనాడూ ఆమెను ఆ మాటతో చెప్పలేదు. ఎప్పుడూ హోదాతోనే చెప్పేవాడు. ఊపిరితిత్తిలో మసక ఉందని కూడా చెప్పాడు. వృద్ధురాలు ఏ ఆసుపత్రి, కల్చర్ ఎక్కడికి పంపారు అని మాత్రం అడిగింది. ఎక్కడికీ పంపలేదంటే, ఫలానా చోటికి ఈ రోజే పంపండి, నేను ఫోను చేసి చెబుతాను, ఆలస్యం కానివ్వరు అంది. ఆ తరువాత ముఖం మళ్ళీ బిగుసుకుంది. ప్రయోగశాల సాయంత్రానికల్లా మూతపడాలి. ఇక్కడ పనిచేసిన ప్రతివాళ్ళకూ పరీక్షలు జరగాలి. విచారణ ఉంటుంది. నిధి సంగతి ఇప్పుడు తనను అడగవద్దంది.

వాళ్ళ కార్లు వెళ్ళాక నడవాలో ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. స్టోరు గుమాస్తా మాత్రం, గోడతో అన్నట్టు, "నోటిదాకా వచ్చిన కూడు" అన్నాడు. మాట పూర్తి చెయ్యలేదు. కాసేపాగి, తన పిల్లల్ని ఎక్స్‌రేకి ఎక్కడికి తీసుకెళ్ళాలని గోడనే అడిగాడు. ఆయన గోడ బదులు సమాధానం చెప్పాడు.

గేటు దగ్గర సర్దుబాటు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నా పేరు కూడా చెప్పాల్సిందండీ," అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీ పేరు నాకెక్కడ గుర్తుంది బాబాయ్?"

సర్దుబాటు నవ్వబోయాడు. అది ఏడుపైంది. సైకిలు గంట మీద చెయ్యి పడి, అకారణంగా రెండుసార్లు మోగింది.

* * *

ఎండ తగ్గాక ఆయన మరదలి ఇంటికి వెళ్ళాడు. కింద కూతురు తలుపు తీసింది గాని లోపలికి రమ్మనలేదు. ఆయన కూడా వెళ్ళలేదు. తనూ ఆ గాలి పీల్చినవాడే. బయటి మెట్ల మీదుగా మేడ మీదికి ఎక్కి, డాబా మీద, ఆమె గది కిటికీకి ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కిటికీ అవతల ఆమె మంచం మీద కూర్చుని ఉంది. జరిగిందంతా చెప్పాడు. ఆమె విన్నది. మధ్యలో ఒకసారి, "మా అక్క ఉంటే మిమ్మల్ని చీపురు తిరగేసి కొట్టేది" అంది. మరోసారి, "ఆ పైన అన్నం పెట్టేది" అంది.

కింద పసివాడు ఏడుపు అందుకున్నాడు. ఆమె ఒళ్ళు దానంతట అదే లేవబోయింది. మంచం పట్టె పట్టుకుని ఆగింది. ఆరు వారాలు ఇలాగే వినాలి కాబోలు అనుకున్నాడు ఆయన. వినడమే మిగిలితే అదే మేలు అని కూడా అనుకున్నాడు. ఆ వెనక, వాడికీ అంటి ఉంటే అన్న ఆలోచన వస్తుంటే దాన్ని రానివ్వలేదు.

అప్పుడు చూశాడు. కిటికీ ఊచకు ఎర్ర ఉన్ని దారం ఒకటి కట్టి ఉంది. పసివాడికి అల్లుతున్న టోపీలోంచి తెంచినది.

"ఇంట్లోకి దిగే మెట్ల గుమ్మం నా వెనకాల ఉంది," అంది ఆమె. "అటు పోతే గాలి కిందికి పోతుంది. ఇక్కణ్ణుంచి నాకు సరిగ్గా ఆనడం లేదు. ఎటు ఆడుతోందో చూసి చెప్పండి బావగారూ."

ఆయన కూర్చున్న చోటి నుంచి చెప్పలేదు. లేచి వెళ్ళి, ముందు దారాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూశాడు. మెత్తగా ఉంది. వదిలేశాడు. అది ఒక్క క్షణం తడబడి, ఊచలు దాటి, డాబా మీదికి, ఆయన చొక్కా వైపు వంగింది.

"బయటికే. నా వైపే."

"అయితే పక్కకి జరగండి మరి. చదువుకున్నవారు, మీకూ చెప్పాలా?"

ఆయన కుర్చీని ఓ వారకి లాక్కున్నాడు, దారం కనబడేంత దూరంలోనే. వీధిలో ఎవరో సైకిలు మీద పోతూ ఎవర్నో పిలుస్తున్నారు. ఆమె మంచం మీద వాలింది. చాలాసేపటికి, నిద్రపోయిందనుకున్నాక, గొంతు వినిపించింది.

"గాలి మారితే చెబుతారుగా?"

"చెబుతాను," అన్నాడు. దారం మీంచి చూపు తిప్పలేదు.